చార్టు అంటే ఏమిటి?

చార్టు అనే మాట మనకు కొత్త కాదు. చదువు రాక ముందే మన చెవుల్లో పడిన మాట.

"అమ్మా! రేపు బడికి చార్టు తెమ్మన్నారు. డబ్బులివ్వు" అని పిల్లలు వెంటపడతారు. మనం అక్షరాలు దిద్దుకున్న కేంద్రంలో గోడకు అక్షరాల చార్టు ఉండేది. రైలు టికెట్టు కొన్నవాళ్ళు "చార్టు తయారైందా?" అని కంగారు పడతారు. ఆసుపత్రిలో మంచం కాళ్ళ వైపు ఒక అట్ట తగిలించి ఉంటుంది. నర్సమ్మ జ్వరం చూసి దాని మీద రాసి పోతుంది. అదీ చార్టే. అంగన్‌వాడీలో బిడ్డను తూచి చుక్క పెట్టేదీ చార్టే.

ఒకదానిలో బొమ్మలు ఉంటాయి. ఒకదానిలో పేర్లు ఉంటాయి. ఇంకొకదానిలో గీతలు ఉంటాయి. పిల్లలు కొట్లో కొనుక్కొచ్చే చార్టులో అయితే ఏమీ ఉండదు. ఉత్త తెల్ల కాగితం! మరి వీటన్నిటికీ ఒకటే పేరు ఎట్లా వచ్చింది?

చార్టు ఇంగ్లీషు మాట. కానీ ఇంగ్లీషు వాళ్ళు పుట్టించిన మాట కాదు. చాలా దేశాలు తిరిగి వాళ్ళ దగ్గరకు చేరింది. అక్కడి నుంచి మన దగ్గరకు వచ్చింది.

నైలు నది ఒడ్డున

ఆఫ్రికా ఖండంలో ఈజిప్టు అనే దేశం ఉంది. అక్కడ నైలు అనే పెద్ద నది పారుతుంది. ఆ నది ఒడ్డున, బురదలో, పాపిరస్ అనే మొక్క పెరిగేది. మన చెరువుల్లో తుంగ ఉంటుంది కదా, చాపలు అల్లుతాం. పాపిరస్ కూడా తుంగ జాతిదే. కాకపోతే చాలా పొడుగు. మనిషికి రెండింతల ఎత్తు పెరుగుతుంది.

సుమారు 5000 ఏళ్ళ కిందట అక్కడి జనం ఈ మొక్కతో ఒక పని చేశారు. కాడను కోసి, పైన ఉన్న పచ్చ తొక్క ఒలిచారు. లోపలి తెల్లటి గుజ్జును సన్నటి పేలికలుగా చీల్చారు. పేలికలను పక్క పక్కనే పరిచారు. వాటి మీద అడ్డంగా ఇంకొక వరుస పరిచారు. అదిమి, బరువు పెట్టి, ఆరబెట్టారు. మొక్కలోని జిగురుతోనే రెండు వరుసలూ అతుక్కున్నాయి. పైన నున్నగా రుద్దితే రాసుకునేందుకు ఒక రేకు తయారైంది.

ఈ రేకులను గ్రీకు దేశం వాళ్ళు ఓడల్లో తెప్పించుకునేవారు. అట్లాంటి రేకును వాళ్ళు 'ఖార్తెస్' అన్నారు. వాళ్ళ నుంచి రోము వాళ్ళు నేర్చుకుని 'కార్తా' అన్నారు. రోము వాళ్ళ లాటిన్ భాష నుంచి ఈ మాట ఫ్రెంచి వాళ్ళ నోట పడింది. అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చి 'చార్టు' అయింది. నోరు మారినప్పుడల్లా మాట కొంచెం అరిగింది. అంతే.

అంటే మొదట్లో ఆ మాటకు గీతలూ లేవు, లెక్కలూ లేవు. రాసుకునే రేకు, అంతే అర్థం. ఇప్పుడు మళ్ళీ మన పిల్లల సంగతి చూడండి. కొట్టుకు వెళ్ళి ఖాళీ కాగితం కొని "చార్టు" అంటున్నారు. చదువుకున్న పెద్దలకంటే వాళ్ళే పాత అర్థానికి దగ్గరగా ఉన్నారు!

పాపిరస్ అనే మొక్క పేరు నుంచే 'పేపరు' అనే మాట కూడా వచ్చింది.

మన భాషలోనూ ఇట్లాంటిదే జరిగింది. వినాయక చవితికి పత్రి తెస్తాం. శివుడికి మారేడు పత్రం పెడతాం. పత్రం అంటే ఆకు. కానీ ధ్రువపత్రం, దరఖాస్తు పత్రం, పెళ్ళి పత్రిక అని కూడా అంటాం. వీటిలో ఆకు ఎక్కడుంది? పాతకాలంలో మనవాళ్ళు తాటాకు మీద గంటంతో రాసేవారు. ఆకు పోయింది. కాగితం వచ్చింది. పేరు మాత్రం ఆకు పేరే మిగిలింది. కాగితం అనే మాట పారసీ భాష నుంచి మనకు వచ్చింది.

ఒకే కడుపున పుట్టిన మాటలు

కార్తా అనే మాటకు చార్టు ఒక్కటే బిడ్డ కాదు. చాలామంది ఉన్నారు.

కార్డు దాని బిడ్డే. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, పోస్టు కార్డు, మగవాళ్ళు అరుగు మీద కూర్చుని ఆడే పేక కార్డులు, అన్నీ ఆ వంశమే. సరుకులు వచ్చే అట్ట పెట్టెను కార్టన్ అంటారు. అదీ ఆ ఇంటిదే. పత్రికల్లో నవ్వు పుట్టించే బొమ్మను కార్టూన్ అంటారు. ఇటలీ దేశంలో చిత్రకారులు పెద్ద బొమ్మ వేసే ముందు దళసరి కాగితం మీద నమూనా గీసుకునేవారు. ఆ దళసరి కాగితం పేరే బొమ్మకు వచ్చింది.

చార్టర్ అనే మాట కూడా ఉంది. అంటే హక్కులు రాసిన పత్రం. 1215లో ఇంగ్లండు రాజు జాన్‌ను అక్కడి జమీందార్లు నిలదీశారు. రాజు ఇష్టం వచ్చినట్టు పన్నులు వేయకూడదు, ఇష్టం వచ్చినట్టు మనుషులను బంధించకూడదు అని రాయించుకున్నారు. దాని పేరు మాగ్నా కార్టా. అంటే 'పెద్ద పత్రం'. కొన్ని ప్రభుత్వ ఆఫీసుల గోడల మీద 'సిటిజన్ చార్టర్' అని బోర్డు ఉంటుంది. ఏ పని ఎన్ని రోజుల్లో చేసి పెట్టాలో దాని మీద రాసి ఉంటుంది. ఆఫీసుకు వెళ్ళినప్పుడు ముందు ఆ బోర్డు చదవండి. మనం ఆ బోర్డు చదువుతుంటే చాలు, గుమాస్తా చూపు కొంచెం మారుతుంది.

మరి దేశపటం సంగతి? ఇంగ్లీషులో దాన్ని మ్యాపు అంటారు. మ్యాపు అనే మాట లాటిన్ భాషలో గుడ్డ అనే మాట నుంచి వచ్చింది. మన 'పటం' కూడా అంతే. సంస్కృతంలో పటం అంటే బట్ట. తెలంగాణలో చేర్యాల పటాలు చాలా పేరున్నవి. పొడుగాటి గుడ్డ మీద కథంతా బొమ్మలుగా వేస్తారు. కథ చెప్పేవాళ్ళు ఆ గుడ్డను కొంచెం కొంచెం విప్పుతూ కథ చెబుతారు. మ్యాపు గుడ్డ, పటం గుడ్డ. చార్టు రేకు, పత్రం ఆకు. ఒకరి భాష ఒకరికి తెలియని జనం ఒకే తీరుగా పేర్లు పెట్టుకున్నారు. దేని మీద గీస్తే దాని పేరే గీసినదానికి వచ్చింది.

సముద్రంలో దారి

ఇంగ్లీషు వాళ్ళు చార్టు అనే మాటను వాడటం మొదలుపెట్టింది 1500ల్లో. అప్పుడు వాళ్ళకు చార్టు అంటే సముద్రం పటం.

నేల మీద అయితే దారి కనబడుతుంది. సముద్రం మీద ఎటు చూసినా నీళ్ళే. నీళ్ళ కింద రాయి ఉంటే పైకి కనబడదు. ఓడ దాన్ని తాకితే పగిలిపోతుంది. అందుకని నావికులు తాడుకు సీసం గుండు కట్టి నీళ్ళలోకి వదిలేవారు. గుండు అడుగును తాకాక తాడు ఎంత మునిగిందో కొలిచేవారు. ఎట్లా కొలిచేవారో తెలుసా? రెండు చేతులూ చాపితే ఎంత పొడుగో దానితో. మన బార కొలతే! ఇక్కడ నాలుగు బారలు, అక్కడ పది బారలు అని అంకెలు వేసుకుంటూ పోయేవారు. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ ఇసుక దిబ్బ ఉందో గుర్తు పెట్టేవారు. ఆ కాగితమే చార్టు.

చార్టు చూసి నడిపేవాడికి ఓడ రాయిని తాకకముందే ప్రమాదం తెలుస్తుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ముందు ముందు మనకు పనికొస్తుంది.

మన దేశంలో సముద్రం చార్టులు తయారుచేసే ప్రభుత్వ ఆఫీసు డెహ్రాడూన్‌లో ఉంది. డెహ్రాడూన్ హిమాలయ కొండల కింద ఉన్న ఊరు. అక్కడికి సముద్రం ఎంతో దూరం! ఆ ఆఫీసు గీసిన చార్టులు పట్టుకునే విశాఖపట్నం రేవుకు ఓడలు వస్తాయి.

అంకెలకు గీతలు

ఇప్పుడు మనం చార్టు అనగానే గీతలు, గళ్ళు, ఎక్కే దిగే మెట్లు గుర్తొస్తాయి. ఈ రకం చార్టుకు పేరు తెచ్చినవాడు విలియం ప్లేఫేర్. స్కాట్లండులో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. అన్న పెంచాడు. ఆ అన్న తమ్ముడి చేత రోజూ ఎండ వేడి ఎంత ఉందో చూసి గీతలుగా గీయించేవాడట. అంకెతో చెప్పగలిగింది ఏదైనా గీతతోనూ చెప్పవచ్చు అని తమ్ముడికి అక్కడే తెలిసింది.

పెద్దయ్యాక 1786లో ప్లేఫేర్ లండనులో ఒక పుస్తకం వేశాడు. ఇంగ్లండు ఏ ఏడాది ఎంత సరుకు అమ్మింది, ఎంత కొన్నది అని అందులో గీతలుగా చూపించాడు. ఆ బొమ్మలకు చార్టులు అనే పేరే పెట్టాడు. అడుగున ఏళ్ళు. పక్కన డబ్బు. గీత పైకి పోతే వ్యాపారం పెరిగినట్టు. కిందికి పోతే తగ్గినట్టు. 1801లో ఇంకొక రకం గీశాడు. గుండ్రటి రొట్టెను ముక్కలు కోసినట్టు ఉంటుంది. ఏ ముక్క పెద్దదో చూడగానే తెలుస్తుంది.

గీతల బలం ఏమిటో ఒక నర్సమ్మ చూపించింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ నైటింగేల్. 1854లో యుద్ధంలో గాయపడిన ఇంగ్లండు సైనికులకు సేవ చేయడానికి ఆమె టర్కీ దేశం వెళ్ళింది. అక్కడి ఆసుపత్రి కంపు కొడుతోంది. మురుగు పోయే దారి లేదు. సైనికులు గాయాలతో కంటే విరేచనాలు, కలరా, జ్వరాలతోనే ఎక్కువగా చనిపోతున్నారు. శుభ్రత ఉంటే వాళ్ళలో చాలామంది బతికేవాళ్ళు.

యుద్ధం అయిపోయాక ఈ సంగతి పెద్దలకు చెప్పాలి. వరసగా అంకెలు రాసి ఇస్తే ఎవరు చదువుతారు? అందుకని 1858లో ఆమె ఒక రంగుల చార్టు అచ్చు వేయించింది. గుండ్రంగా పన్నెండు ముక్కలు. నెలకు ఒక ముక్క. గాయాలతో పోయినవాళ్ళకు ఎరుపు. ఆపగలిగిన రోగాలతో పోయినవాళ్ళకు నీలం. మిగతా కారణాలకు నలుపు. చూస్తే నీలమే నీలం! ఎరుపు కొంచెమే. ఆ బొమ్మ చూశాక "యుద్ధం అన్నాక చావులు మామూలే" అనడానికి ఎవరికీ నోరు రాదు. ఆమె ఒత్తిడితో సైనిక ఆసుపత్రుల్లో నీళ్ళు, మురుగు, గాలి సంగతి పట్టించుకోవడం మొదలైంది.

బిడ్డ ఎదిగే దారి

ఇక మన ఇంటి చార్టు సంగతి.

1950ల్లో డేవిడ్ మోర్లీ అనే ఇంగ్లండు డాక్టరు ఆఫ్రికాలోని నైజీరియా దేశంలో పని చేశాడు. ఇమెసి అనే పల్లెలో పసిపిల్లలు చాలామంది చనిపోతుండేవారు. తిండి చాలక బిడ్డ చిక్కిపోతున్న సంగతి బాగా ముదిరేదాకా ఎవరికీ తెలిసేది కాదు. మోర్లీ ప్రతి బిడ్డకూ ఒక చార్టు పెట్టాడు. నెల నెలా బరువు చూసి చుక్క పెట్టడం, చుక్కలు కలపడం. చార్టు మీద ముందే రెండు గీతలు ఉండేవి. రెండు గీతల మధ్య బాట లాగా కనబడేది. బిడ్డ గీత ఆ బాటలో పైకి పోవాలి. అందుకే దానికి 'ఆరోగ్యానికి దారి' అని అర్థం వచ్చే పేరు పెట్టారు.

మోర్లీ ఇంకొక మంచి పని చేశాడు. చార్టును ఆసుపత్రి బీరువాలో పెట్టలేదు. తల్లి చేతికి ఇచ్చాడు.

మన దగ్గర అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. మన తల్లీబిడ్డల కార్డులో కూడా ఈ చార్టు ఉంటుంది. కార్డు లోపల చార్టు! ఒకే కడుపున పుట్టిన రెండు మాటలూ ఒకే పుస్తకంలో ఉన్నాయన్నమాట.

ఆడపిల్లకు ఒక చార్టు, మగపిల్లవాడికి ఒక చార్టు. వేరు వేరుగా ఉంటాయి. మీ బిడ్డది తీయండి. అడుగున అడ్డంగా ఉన్న అంకెలు బిడ్డ వయసు నెలలు. ఎడమ పక్క నిలువుగా ఉన్నవి కిలోలు. వయసు అంకె దగ్గర నుంచి వేలు పైకి పోనివ్వండి. బరువు అంకె దగ్గర నుంచి వేలు అడ్డంగా పోనివ్వండి. రెండు వేళ్ళూ కలిసిన చోట చుక్క. మూడు రంగులు ఉంటాయి. ఆకుపచ్చలో చుక్క ఉంటే వయసుకు తగిన బరువు. పసుపులో ఉంటే బరువు తక్కువ. నారింజ రంగులో ఉంటే చాలా తక్కువ. వెంటనే డాక్టరుకు చూపించాలి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. "మా పాప పచ్చలోనే ఉంది" అని నిశ్చింతగా ఉంటారు. అది చాలదు. రంగుతో పాటు గీతను కూడా చూడాలి. ఎందుకో ఒక లెక్క చూడండి.

ఒక పాప ఉందనుకోండి. ఆరో నెల నిండినప్పుడు 7 కిలోలు తూగింది. ఏడో నెలలో 7 కిలోల 100 గ్రాములు. ఎనిమిదో నెలలో కూడా అంతే. తొమ్మిదో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. మళ్ళీ 7 కిలోలకు వచ్చింది.

తొమ్మిదో నెల ఆడపిల్లకు ఆరున్నర కిలోల దాకా పచ్చ రంగే. కాబట్టి ఈ పాప నాలుగు చుక్కలూ పచ్చలోనే పడ్డాయి. చూసేవాళ్ళకు పాప బాగానే ఉంది. ఒళ్ళో ఉన్న బిడ్డను రోజూ చూస్తూ ఉంటే చిక్కిన సంగతి తల్లికి కూడా తెలియదు. కానీ చుక్కలు కలపండి. గీత పైకి పోలేదు. పడుకుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య ఆడపిల్ల మామూలుగా సుమారు 900 గ్రాములు పెరుగుతుంది. ఈ పాప పెరిగింది సున్నా. ఓడ ఇంకా రాయిని తాకలేదు. కానీ అటే పోతోంది.

గీత పైకి పోతుంటే బిడ్డ ఎదుగుతోంది. గీత పడుకుంటే ఏదో అడ్డం పడింది. గీత కిందికి దిగితే ప్రమాదం. రంగు మారేదాకా ఆగకూడదు.

ఆరో నెల తరువాతే చాలామంది పిల్లల గీత పడుకుంటుంది. అప్పటిదాకా తల్లిపాలు సరిపోయాయి. ఆ తరువాత పాలతో పాటు మెత్తగా, చిక్కగా తిండి కూడా పెట్టాలి. పప్పు, అన్నం, కొంచెం నెయ్యో నూనో, ఆకుకూర, గుడ్డు. పలచటి గంజి నీళ్ళతో పొట్ట నిండుతుంది గానీ బరువు పెరగదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ఆ బిడ్డ కోసమే. ఇంట్లో అందరూ తలా పిడికెడు తింటే చార్టు ఆ సంగతి కూడా చెప్పేస్తుంది!

కొందరు అత్తమ్మలు "ఆడపిల్ల కదా, సన్నగానే ఉంటుంది లే" అంటారు. ఆడపిల్లకు వేరే గీతలు ముందే గీసి పెట్టారు. మగపిల్లవాడితో పోల్చి తక్కువ చూపిస్తున్నారని అనుకోవద్దు. తన గీతల్లో కూడా పాప వెనకబడితే అది తిండి లోపమో, జబ్బో. ఆడపుట్టుక కారణం కాదు. "మన దేశం పిల్లలు ఇంతే" అని ఇంకొందరు అంటారు. ఈ గీతలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చింది. ఆరు దేశాల పిల్లలను కొలిచి గీసింది. వాళ్ళలో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత ఉంటే అన్ని చోట్లా పిల్లలు ఇంచుమించు ఒకే తీరుగా ఎదుగుతారు.

బిడ్డను తూస్తే దిష్టి తగులుతుందని భయపడే తల్లులు కూడా ఉన్నారు. దిష్టి చుక్క పెట్టుకునే తీసుకుపోండి. కానీ తూకం మానొద్దు. తూచేటప్పుడు బరువైన బట్టలు, కడియాలు తీసేయండి. ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూడమని అడగండి. ముల్లు తప్పుగా ఉంటే చుక్క కూడా తప్పుగానే పడుతుంది.

కాగితం పోయినా

ఒకప్పుడు రైలు పెట్టె తలుపు పక్కన పేర్ల చార్టు అతికించేవారు. చదువు రానివాళ్ళు పక్కవాళ్ళను బతిమాలి చూపించుకునేవారు. 2018 నుంచి పెద్ద స్టేషన్లలో అతికించడం మానేశారు. ఇప్పుడు ఫోనుకే కబురు వస్తుంది. కాగితం పోయింది. అయినా "చార్టు తయారైంది" అనే అంటారు.

అంగన్‌వాడీలో కూడా 2021 నుంచి టీచరమ్మ బిడ్డ బరువును ఫోనులో ఎక్కిస్తోంది. దానివల్ల పై ఆఫీసుకు లెక్క త్వరగా పోతుంది. మంచిదే. కానీ ఫోను టీచరమ్మ చేతిలో ఉంటుంది. మోర్లీ డాక్టరు చార్టును తల్లి చేతికి ఎందుకు ఇచ్చాడో మరిచిపోకూడదు. బరువు చూడగానే "ఎంతమ్మా?" అని అడగండి. మీ కార్డులో చుక్క పెట్టమనండి. పోయిన నెల చుక్కతో మీరే కలపండి.

కార్డు పోయిందా? చిరిగిందా? ముందు కొత్త కార్డు అడగండి. అది వచ్చేదాకా మీ పిల్లలు బడికి కొనే చార్టు కాగితం ఒకటి తీసుకోండి. అడుగున 1 నుంచి 12 దాకా నెలలు రాయండి. ఎడమ పక్కన 2 నుంచి 12 దాకా కిలోలు రాయండి. అంకెల మధ్య దూరం సమానంగా ఉండాలి. బిడ్డను తూచిన రోజు చుక్క పెట్టండి. దీనిలో రంగులు ఉండవు. కానీ గీత ఎక్కుతోందో, పడుకుందో, దిగుతోందో తెలుస్తుంది. గోడకు తగిలించండి, బిడ్డ చేతికి అందనంత ఎత్తులో.